రెండు పైసల లెక్క

సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. బీవై నగర్ వంటి కార్మిక వాడలలో ఏ వీధికి వెళ్లినా దాని చప్పుడు మనకంటే ముందే మనల్ని పలకరిస్తుంది. ఈ సాంచాలలో చాలావరకు కొత్తవి కావు. బతుకుతెరువు కోసం భీవండికి వలసపోయిన పద్మశాలీలు అక్కడ పని నేర్చుకొని, అక్కడివారు వాడి వదిలిన మగ్గాలను కొని, లారీల మీద ఇక్కడికి తెచ్చుకున్నారు. వాటిని తయారుచేసిన కర్మాగారాలు ఏనాడో మూతపడి ఉండవచ్చు. విడిభాగాల పట్టిక ఎవరి దగ్గరా లేదు. అయినా అవి నేస్తూనే ఉన్నాయి. కారణం, వాటిని సరిచేసే మనిషి ఉండటం. నాడె ఎగిరిపడినా, పోగు ఊరకే తెగినా అతనికి కబురు వెళ్తుంది. అతడు వచ్చి ముందు పనిముట్ల సంచి విప్పడు. కాసేపు నిలబడి చప్పుడు వింటాడు.

కంప్యూటర్ల లోపల కూడా ఇటువంటి సాంచాలు వేల సంఖ్యలో ఉన్నాయని చెబితే విద్యార్థులు నమ్మకపోవచ్చు. కంప్యూటర్ అనగానే నిత్యనూతనమైనది అనే భావం మన మనసులలో పాతుకొనిపోయింది. నిజానికి మనం బ్యాంకులో వేసుకొనే పైకం, కట్టే బీమా వాయిదా, కొనే రైలు టికెట్టు, వీటి వెనుక పనిచేసే ప్రోగ్రాములలో కొన్ని వాటిని వాడే ఉద్యోగుల కంటే వయసులో పెద్దవి. 'కోబాల్' అనే భాష 1959లో రూపుదిద్దుకొంది. 22,000 కోట్ల పంక్తుల కోబాల్ రచన ఇంకా వాడుకలో ఉన్నదని 2017లో రాయిటర్స్ వార్తాసంస్థ ప్రకటించింది. అమెరికా ఆదాయపు పన్ను శాఖ ప్రధాన దస్త్రం మూలాలు 1960ల నాటివి. వీటిని రాసినవారిలో అధికులు పదవీ విరమణ చేశారు. కొందరు ఈ లోకంలోనే లేరు.

ఇనుము తుప్పు పడుతుంది, చెక్క పుచ్చుతుంది. ప్రోగ్రాముకు ఈ రెండు బాధలూ లేవు. ఇరవై ఏళ్ల క్రితం సరిగ్గా కూడిన కూడికను ఈనాడూ అది సరిగ్గానే కూడుతుంది. మరి దానికి మరమ్మతు ఎందుకు? చుట్టూ ఉన్న లోకం మారుతుంది కనుక. 2005 ఏప్రిల్ 1న అమ్మకపు పన్ను పోయి మన రాష్ట్రంలో వ్యాట్ వచ్చింది. 2017 జూలై 1న వ్యాట్ పోయి జీఎస్టీ వచ్చింది. జిల్లాల పేర్లు కూడా మారాయి. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి. కరీంనగర్ ప్రాంతపు శ్రీ శాతవాహన గ్రామీణ బ్యాంకు 2006లో దక్కన్ గ్రామీణ బ్యాంకులో కలిసింది, 2014లో అది తెలంగాణ గ్రామీణ బ్యాంకుగా మారింది. ఖాతాదారు మాత్రం అదే మనిషి, అదే అప్పు, అదే పొదుపు. పాసుపుస్తకం అట్ట మీది పేరు మారినప్పుడల్లా లోపలి అంకెలలో పైసా తేడా రాకుండా ఎవరో ఒకరు రాత్రింబవళ్లు కూర్చున్నారు. వారి పేర్లు ఏ పత్రికలోనూ రాలేదు.

ఇతరులు తయారుచేసి వదిలిపోయిన యంత్రాన్ని నడిపించడం మన దేశానికి కొత్త విద్య కాదు. ఐబీఎం సంస్థ 1978లో భారతదేశం నుంచి వైదొలగినప్పుడు ఆ సంస్థ యంత్రాలు ఇక్కడి కార్యాలయాలలోనే ఉండిపోయాయి. వాటి బాగోగులు చూసే భారం ప్రభుత్వ రంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ తీసుకొంది. 'మెయింటెనెన్స్' అనే మాటను పేరులోనే పెట్టుకొన్న సంస్థ అది. తరువాత సీఎంసీగా ప్రసిద్ధి చెంది, రైల్వే రిజర్వేషన్ల కంప్యూటరీకరణ వంటి కొత్త పనులు కూడా చేసింది. 2015లో టాటా కన్సల్టెన్సీలో విలీనమైంది. పాతదాన్ని బాగుచేయడం నేర్చినవారికి కొత్తదాన్ని కట్టడం కష్టం కాదని నాకు ఆ సంస్థ చరిత్ర చదివినప్పుడల్లా అనిపిస్తుంది. తిరగవేసి చెబితే ఈ మాట నిలవదు.

మా తరానికి ఈ విద్య 'వైటూకే' రూపంలో పరిచయమైంది. పూర్వం కంప్యూటర్లలో జ్ఞాపకస్థలం బంగారంతో సమానం. అందుచేత సంవత్సరాన్ని నాలుగు అంకెలతో కాక రెండు అంకెలతో రాసేవారు. 1999 తరువాత వచ్చే 00ను యంత్రం 1900గా భావిస్తే వడ్డీలు, వయసులు, పింఛన్లు అన్నీ తారుమారవుతాయి. దీనిని సరిదిద్దడానికి ప్రపంచమంతటా 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్ల వరకు ఖర్చు కాగలదని గార్ట్‌నర్ సంస్థ అంచనా వేసింది. అమెరికా తమ హెచ్-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1999లో 1,15,000కు పెంచింది. హైదరాబాదులోని అమీర్‌పేట వీధులు కోబాల్ శిక్షణ కేంద్రాల బోర్డులతో నిండిపోయాయి. జగిత్యాల, కోరుట్ల బస్సులు దిగిన యువకులు రేకుల గదులలో పడుకొని, ఒకే టిఫిన్‌ను ఇద్దరు పంచుకొని, తమ కంటే పెద్ద వయసున్న భాషను నేర్చుకొన్నారు. నేనూ వారిలో ఒకడిని.

ఆనాడు మేము చేసిన పని ఘనమైనదేమీ కాదు. రెండు మార్గాలుండేవి. ఒకటి, సంవత్సరపు గడిని రెండంకెల నుంచి నాలుగంకెలకు విస్తరించడం. ఇది శాశ్వతమైనది, శ్రమతో కూడినది. రెండవది, ఒక హద్దు గీయడం. 00 నుంచి 49 వరకు వస్తే 2000లు, 50 నుంచి 99 వరకు వస్తే 1900లు అని యంత్రానికి చెప్పడం. ఇది చవక. కానీ 1938లో పుట్టిన వృద్ధుడి సంవత్సరం 38 అని నమోదై ఉంటే, యంత్రం దృష్టిలో ఆయన ఇంకా పుట్టనే లేదు. పింఛను దస్త్రాలకు ఈ మార్గం ఎందుకు పనికిరాదో నాకు మా శిక్షకులు చెప్పలేదు, మా తాతగారి పుట్టిన సంవత్సరం చెప్పింది.

2000 జనవరి 1న ఉపద్రవమేదీ జరగలేదు. 'అదంతా వట్టి హడావుడి' అని లోకం తేల్చివేసింది. మరమ్మతు పనికి ఉన్న శాపం ఇదే. సరిగ్గా చేస్తే చేసినట్లే కనిపించదు.

ఇక నేను చెప్పదలచిన సంగతికి వస్తాను. సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక వస్త్ర యజమాని ఉన్నాడు. ఆయన తండ్రి కాలంలో, 1997లో, కోరుట్లలో చిన్న కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపే ఒక యువకుడు వారికి 'ఫాక్స్‌ప్రో'లో ఒక ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. నూలు రాబడి, బట్ట పోబడి, కార్మికుల కూలి, ఈ మూడింటి లెక్కా అందులో ఉంది. కూలి లెక్క తేలికైనది కాదు. నేసిన మీటర్లు, అంగుళానికి పడిన పిక్కులు, బట్ట రకం, ముందుగా తీసుకొన్న బాకీ, అన్నీ కలిస్తే వారం కూలి తేలుతుంది. ఆ యువకుడు కొన్నాళ్లకు ఈ ప్రాంతపు వేలమంది వలె గల్ఫ్‌కు వెళ్లిపోయాడు. ప్రోగ్రాము మాత్రం ఇక్కడే ఉండి పాతికేళ్లు నిరాటంకంగా పనిచేసింది. జీఎస్టీ వచ్చినప్పుడు బిల్లుల కోసం వేరే సాఫ్ట్‌వేర్ కొన్నారే గాని, కూలి లెక్కను ఎవరూ కదపలేదు. 'నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుకోవాలి' అనేది వారి ధోరణి. అది తప్పు ధోరణి అని నేను అనను.

2022లో ఆ కంప్యూటర్ ప్రాణం విడిచే స్థితికి వచ్చింది. కొత్తది కొన్నారు. అందులో పాత ప్రోగ్రాము తెరుచుకోలేదు. డాస్ కాలపు ప్రోగ్రాములను ఈనాటి 64 బిట్ల విండోస్ నేరుగా నడపదు. మైక్రోసాఫ్ట్ సంస్థ ఫాక్స్‌ప్రోకు కొత్త కూర్పులు ఇక రావని 2007లోనే ప్రకటించి, 2015 జనవరితో మద్దతు కూడా విరమించింది. శనివారం కూలి పంచాలి. సుమారు అరవైమంది కార్మికుల బాకీలు, జమలు ఆ పెట్టెలోనే ఉన్నాయి. యజమాని నాకు ఫోను చేసి, "సార్, దీనికి తగిన మనిషిని చూపియ్యాలె" అన్నాడు.

తగిన మనిషి అంటే ఎవరు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. ముగ్గురితో మాట్లాడాము. మొదట వచ్చినది హైదరాబాదులోని ఒక సంస్థ ప్రతినిధి. ఆయన పాత ప్రోగ్రామును తెరవనైనా తెరవకుండా, "ఇదంతా తీసేద్దాం, ఆరు నెలల్లో కొత్తది ఇస్తాం" అన్నాడు. రంగురంగుల పటాలు చూపించాడు. కొత్తదానిలో ఏమేమి ఉంటాయో చెప్పాడు కానీ, పాతదానిలో ఏముందో అడగలేదు. రెండవవాడు జగిత్యాల దగ్గరి నాచుపల్లిలోని జేఎన్‌టీయూ కళాశాలలో చదివిన యువకుడు. చురుకైనవాడు. ఫాక్స్‌ప్రో రాదు, నేర్చుకొంటానన్నాడు. అయితే మరుసటి నెలలో బెంగుళూరులో ఉద్యోగంలో చేరవలసి ఉంది. మూడవ ఆమెది జగిత్యాల. హైదరాబాదులో పదేళ్లకు పైగా విదేశీ బీమా సంస్థల కోబాల్ ప్రోగ్రాములను చూసుకొని, ఇంటి బాధ్యతల వల్ల సొంత ఊరికి తిరిగి వచ్చింది. ఆమెకు కూడా ఫాక్స్‌ప్రోతో పరిచయం లేదు.

మేము ముగ్గురికీ ఒకటే పరీక్ష పెట్టాలనుకొన్నాము. రెండు వందల పంక్తుల పాత రచనను కాగితం మీద ఇచ్చి, ఇది ఏమి చేస్తున్నదో చెప్పమనడం. ఏ భాషలు వచ్చునని అడిగితే ఎవరైనా జాబితా చదువుతారు. ఇతరులు రాసినదాన్ని ఓపికగా చదవగలరా అన్నది అసలు విషయం. సంస్థ ప్రతినిధి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, "మావాళ్లు చూస్తారు" అన్నాడు. యువకుడు తొంభై పంక్తుల వరకు చక్కగా చెప్పి ఆగిపోయాడు. ఆమె అరగంట చదివి, జవాబు చెప్పకుండా మూడు ప్రశ్నలు అడిగింది. వాటిలో మొదటిది, "సార్, ఇది చేసేముందు నకలు తీసిపెట్టారా?" అన్నది. నేను యజమాని వైపు చూశాను. ఆమెను పనిలోకి తీసుకొన్నాము.

ఆమె మొదటి వారంలో ఒక్క పంక్తి కూడా మార్చలేదు. పాత కంప్యూటర్లోని డిస్కును పూర్తిగా రెండు ప్రతులు తీసింది. 'డాస్‌బాక్స్' అనే ఉచిత సాధనం ద్వారా కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ వాతావరణాన్ని కల్పించి ప్రోగ్రామును నడిపింది. శనివారం కూలి ఆగలేదు. అచ్చు యంత్రానికి కాగితం పంపడం మాత్రం మరో రెండు వారాలు సతాయించింది. అంతవరకు గుమాస్తా తెర మీద చూసి చేతితో రాసుకొన్నాడు. తరువాత మరో చిక్కు బయటపడింది. ప్రోగ్రాము మూలరచన డిస్కులో మూడు చోట్ల ఉంది, మూడూ ఒకటి కాదు. నడుస్తున్నది వాటిలో దేనినుంచి తయారైనదో చెప్పేవారు లేరు. గడచిన సంవత్సరపు కూలి పట్టికలను ఒక్కొక్క రచనతో మళ్లీ లెక్కించి, ఏది పైసాతో సహా సరిపోతుందో చూసి ఆమె దానిని గుర్తించింది. పని నింపాదిగా చేసే ఇటువంటి స్వభావాన్ని ఏ ధ్రువపత్రమూ తెలుపదు.

కూలి భాగాన్ని కొత్తగా రాయడానికి సిద్ధమైనప్పుడు ఆమెకు ఒక వింత నిబంధన కనిపించింది. 41వ సంఖ్య నుంచి 56వ సంఖ్య వరకు గల సాంచాలకు మీటరుకు రెండు పైసలు అదనంగా కలపాలని అందులో ఉంది. ఎందుకో వివరణ లేదు. బట్ట రకంతో సంబంధం లేదు, పిక్కులతో సంబంధం లేదు. చూసినవారెవరైనా పొరపాటున మిగిలిపోయిన పంక్తి అనుకొంటారు. యజమాని కూడా, "నాకు తెల్వదమ్మా, తీసేయ్" అన్నాడు. ఆయన దురుద్దేశంతో అన్నమాట కాదు. నిజంగానే ఆయనకు తెలియదు. ఆమె తీసివేయలేదు. మూలన కూర్చొని జమాఖర్చు చూసుకొనే వృద్ధ గుమాస్తాను, "కాకా, ఈ పదహారు సాంచాల ముచ్చటేంది?" అని అడిగింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకొంటూ చెప్పాడు. "అది తప్పు కాదు బిడ్డా. గా పదహారు సాంచాలు అన్నిట్ల పాతయి. పోగు ఊకె తెగుతది. గా షెడ్డుల పనిచేసేటోళ్లకు రోజుకు మీటర్లు తక్కువ పడ్తయి. పంచాయితీ అయింది. అప్పుడు పెద్దసేటు, వాళ్ల తప్పు లేదు గదా అని, రెండు పైసలు ఎక్కువ కట్టిచ్చిండు. కాయితం మీద రాసుకోలే. కోరుట్ల పిలగానికి చెప్పి మిషన్ల ఎక్కిచ్చినం."

మీటరుకు రెండు పైసలంటే పదివేల మీటర్లకు రెండు వందల రూపాయలు. పెద్ద మొత్తం కాదని పట్టణాలలో ఉన్నవారికి అనిపించవచ్చు. ఆ షెడ్డులో పగలు, రాత్రి పాళీలలో పనిచేసే నాలుగు కుటుంబాలకు అది చిన్న మొత్తం కాదు. మాట ఇచ్చిన పెద్దాయన కాలం చేశాడు. ఆ మాటకు సాక్ష్యంగా మిగిలినది గుమాస్తా జ్ఞాపకం ఒకటి, ప్రోగ్రాములోని ఆ ఒక్క పంక్తి ఒకటి. సంస్థ ప్రతినిధి చెప్పినట్లు అంతా తీసివేసి కొత్తది పెట్టి ఉంటే, ఆ శనివారం నుంచి నాలుగు కవర్లలో పైకం తగ్గేది. ఎందుకు తగ్గిందని అడిగితే 'కంప్యూటర్ లెక్క' అని సమాధానం వచ్చేది. కంప్యూటర్ లెక్కతో వాదించే ధైర్యం కార్మికుడికి ఎక్కడిది?

డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నార్ 1985లో ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రాము అంటే కాగితం మీది పంక్తులు మాత్రమే కాదని, దాన్ని కట్టినవారి మనసులలో ఉన్న అవగాహనే అసలు ప్రోగ్రామని, ఆ మనుషులు చెదరిపోతే పంక్తులు మిగిలినా అది మరణించినట్లేనని అతని సిద్ధాంతం. నేను దీనిని పూర్తిగా అంగీకరించలేను. గుమాస్తా జీవించి ఉన్నంతకాలం, అడిగే మనిషి ఉన్నంతకాలం అది మరణించదు. అయితే అడగవలసినది ఆయనను అని తెలియాలి.

పెద్ద దేశాలలో పెద్ద సంస్థలు కూడా ఈ సంగతి నష్టపోయిన తరువాతే గ్రహించాయి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో తమ ఖాతాలన్నిటినీ ఒక్కసారిగా కొత్త వ్యవస్థలోకి మార్చింది. సుమారు 19 లక్షల మంది తమ ఖాతాలను తెరవలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, అమెరికాలోని న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవారు ముందుకు రావాలని బహిరంగంగా విజ్ఞప్తి చేశాడు. తెలుగువారు వేల సంఖ్యలో స్థిరపడిన రాష్ట్రం అది. వారిలో ఎందరో ఒకప్పుడు అమీర్‌పేటలో ఆ భాష నేర్చి, తరువాత 'పాత చింతకాయ పచ్చడి' అని వదిలిపెట్టినవారే.

అటువంటి నిపుణుడికి జీతం ఎంత ఇవ్వాలి, ఒప్పందం ఎలా రాసుకోవాలి అని నన్ను ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. జీతం సంగతి బేరసారాల మీద ఆధారపడుతుంది. ఒప్పందంలో మాత్రం మూలరచన యజమానిదేనని, నేర్చుకొన్నదంతా రాసి ఇవ్వాలని ఉండి తీరాలి. ఈ వృత్తిలో ఒక దురాచారం ఉంది. తనకు తప్ప మరొకరికి అర్థం కాకుండా పనిచేసి, తాళంచెవి మొలలో దోపుకొని తిరిగేవారున్నారు. వారి ఉద్యోగం భద్రంగా ఉంటుంది, సంస్థ భద్రంగా ఉండదు. అయితే దీనికి సంస్థలదీ సగం బాధ్యత. కొత్తది కట్టేవారికి సన్మానాలు, పాతది కాపాడేవారికి చీవాట్లు దక్కినంతకాలం ఎవరు మాత్రం తాళంచెవి వదులుకొంటారు?

జగిత్యాల ఆమె అటువంటిది కాదు. కొత్త కూలి ప్రోగ్రాము సిద్ధమైన తరువాత మూడు నెలలు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కనే నడిపి, ప్రతి శనివారం రెండు పట్టికలను గుమాస్తా ముందు పెట్టింది. రెండుసార్లు తేడా వచ్చింది. ఒకసారి కొత్తదానిది తప్పు, మరొకసారి పాతదానిదే. పాతికేళ్లుగా పైసలను సర్దడంలో జరుగుతున్న తప్పు అది. యజమాని దానిని కార్మికుల పక్షాన సరిచేయమన్నాడు. రెండు పైసల నిబంధన కొత్త రచనలో కూడా ఉంది. ఈసారి దాని పైన, తెలుగులో, నాలుగు వాక్యాల వివరణ ఉంది. ఎప్పుడు, ఎవరు, ఎందుకు ఒప్పుకొన్నారో గుమాస్తా చెప్పగా ఆమె రాసింది.

ఇప్పుడామె దగ్గర ఇద్దరు డిగ్రీ విద్యార్థులు సెలవుదినాలలో పని నేర్చుకొంటున్నారు. వారికి ఆమె ఇచ్చిన మొదటి అభ్యాసం ఒక తేదీ గురించి. అనేక పాత యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. ఆ లెక్కకు 32 బిట్ల గడి మాత్రమే ఉన్నచోట 2,14,74,83,647 సెకన్ల తరువాత చోటు చాలదు. మన గడియారం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గడి నిండుతుంది. మరుక్షణం యంత్రం 1901లోకి వెళ్లిపోతుంది. ఈ పాఠం చదువుతున్నవారికి ఆనాటికి దాదాపు ముప్పై ఏళ్లు వస్తాయి. ఆ గడులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికే పని ఇప్పటికే మొదలైంది, మనుషులు చాలడం లేదు.